రెండు మెట్ల నడుమ గొంతు

పాట రెండో చరణంలో ఉండగానే కిషోర్‌బాబు కీబోర్డు మీది నుంచి చేతులు తీసేశాడు. తీసి ఊరుకోలేదు. అరచేతులు రెండూ పైకెత్తి, ఇక నావల్ల కాదన్నట్టు ప్రార్థనా మందిరంలో ఉన్న ఆడవాళ్ళందరికీ చూపించాడు.

ఆరోగ్యమ్మ కళ్ళు మూసుకుని పాడుతోంది. వాయిద్యం ఆగిపోయిన సంగతి ఆమెకు తెలియడానికి ఇంకో వరస పట్టింది. తెలిశాక ఠక్కున ఆగి, చెయ్యకూడని పనేదో చేసినదానిలా పైట చెంగు నోటికడ్డం పెట్టుకుంది.

“ఏవైందయ్యా?”

“నీ తప్పేం లేదులే పెద్దమ్మా. నీ గొంతు రెండు మెట్ల నడుమ పడతంది. పై మెట్టు పట్టుకుంటే హెచ్చవుద్ది, కింది మెట్టు పట్టుకుంటే తగ్గుద్ది. నడుమ మెట్టు ఏ కంపెనీవాడూ పెట్టలా. నన్నేం చెయ్యమంటావు?”

నలుగురు నవ్వారు. కిషోర్‌బాబు చెడ్డవాడేం కాదు. జగ్గయ్యపేట నుంచి కంచికచర్ల దాకా ఏ కూడిక జరిగినా కీబోర్డు అతనిదే, వేళ్ళు నీళ్ళలా పారతాయి. అందుకే అతను నవ్వితే జనమూ నవ్వుతారు.

వచ్చే శనివారం నందిగామలో స్త్రీల కూడిక. చుట్టుపక్కల మండలాల చర్చి సంఘాలన్నీ వస్తాయి. అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. ఒక్కో సంఘం నుంచి వయసులో పెద్దావిడ లేచి ఒక పాత కీర్తన ఎత్తాలి. ఆవిడకు ఎవరూ శ్రుతి అందించరు. ఆవిడ గొంతు ఎక్కడ ఎత్తితే పాట అక్కడే. డప్పూ తాళాలూ ఉన్న రోజుల్లో ఇందులో చిక్కేమీ లేకపోయింది, వాటికి ఏ గొంతైనా ఒకటే. కీబోర్డులు వచ్చాక మొదలైంది తంటా. పోయిన ఏడాది ఆరోగ్యమ్మ పాడుతుంటే మైకువాడు ఆమె మైకు తగ్గించి కీబోర్డు పెంచాడు. ముప్పై ఏళ్ళుగా సంఘంలో పాడుతున్న మనిషి పెదాలు కదిలాయే తప్ప గొంతు ఎవరికీ వినపడలేదు.

స్త్రీల సమాజానికి పెద్దయిన భారతీదేవి టీచరు కళ్ళజోడు సర్దుకుంది. “పోనీ ఈసారి రత్నమణి చేత పాడిద్దాం. శ్రుతిలో పాడుద్ది. ఆరోగ్యమ్మ పక్కన నిలబడితే చాలు, ఆనవాయితీ తప్పినట్టూ ఉండదు.”

“అట్టాగేనమ్మా,” అంది ఆరోగ్యమ్మ, ఎవరూ అడక్కముందే.

అప్పుడు వెనకవరసలోంచి, “అమ్మమ్మకి నేను వాయిస్తా,” అని వినిపించింది.

ఆ మాట ఎవరిదో తెలియగానే ముందు వరసలో ఉన్న రోజారమణి గిరుక్కున వెనక్కి తిరిగింది. తన కూతురు కెజియా, ఆరోగ్యమ్మకి వరసకి మనవరాలు. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న పిల్ల, నలుగురిలో నోరు విప్పి మంచినీళ్ళు కూడా అడగని పిల్ల, లేచి నిలబడి ఉంది.

“దేంతో వాయిస్తావు? ఆ లాప్‌టాప్‌తోనా?” అన్నాడు కిషోర్‌బాబు. “అది వాయిద్యం కాదమ్మాయ్, వీడియో గేము.”

“దాంట్లో ఎలక్ట్రిక్ పియానో ఉందన్నా.”

“ఉంటదిలే. నా ఫోన్లో ఏనుగు కూడా ఉంది.”

మళ్ళీ నవ్వులు. భారతీదేవి మాత్రం నవ్వలేదు, గంట కొట్టాక కూడా లెక్క తేలని పిల్లని చూసినట్టు కెజియాని చూసింది. “సరే, శనివారం చూద్దాం. కుదరకపోతే మధ్యలోనే కిషోర్ అందుకుంటాడు, రత్నమణి పాడుద్ది. మూడొందలమంది ముందు ఆ పెద్దావిణ్ణి మాత్రం నవ్వులపాలు చెయ్యమాక.”

ఇంటికొచ్చే దారిలో రోజారమణి కూతురికంటే నాలుగడుగులు ముందే నడిచింది. ఆమెకు అన్నిటికీ భయమే. భర్త సొలొమోను సిమెంటు లారీ ఎక్కిన ప్రతిసారీ ఫోను మోగితే ఆసుపత్రి వాళ్ళేనేమో అనుకునే మనిషి. ఎనిమిదో తరగతి పరీక్షప్పుడు కూడా, రాసింది తప్పేమోనని రెండు జవాబులు కొట్టేసి వచ్చింది. కొట్టేసిన రెండూ ఒప్పులే.

సోమవారం పొద్దున కుట్టుమిషను ముందు కూర్చుని ఆరోగ్యమ్మ తెల్ల జాకెట్టుకి గుడ్డ కత్తిరిస్తుంటే లోపలి గదిలోంచి ఒకే శబ్దం రావడం మొదలైంది. ఒక మెట్టు. అదే మెట్టు. ఆగి, మళ్ళీ అదే. రోజారమణి లెక్కపెట్టడం మొదలుపెట్టి నలభై దగ్గర వదిలేసింది.

“ఏంటే అది, తాగిన కోయిలలాగా? పాట వాయించొచ్చుగా!”

“పాట ఇప్పుడే కాదమ్మా.”

లాప్‌టాప్ సెకండ్‌హాండుది. దాని ముందున్న రెండడుగుల మెట్లబల్లకు సొంత గొంతు లేదు. నొక్కితే శబ్దం లాప్‌టాప్‌లోంచి వచ్చి చిన్న స్పీకర్లో వినపడుతుంది. తెర మీద పియానో బొమ్మ, దాని కింద గుండ్రటి మీటల వరస. మిక్సీ మీటల్లా ఉంటాయి. కెజియా ఒకదాన్ని వెంట్రుకవాసి తిప్పుతుంది, మెట్టు నొక్కుతుంది, తల పక్కకు వాల్చి వింటుంది, మళ్ళీ తిప్పుతుంది. ఒక్కోసారి స్పీకర్ చిటపటమంటుంది. అలా అన్నప్పుడల్లా రోజారమణి లేచి వెళ్ళి ప్లగ్గు పట్టుకుని చూస్తుంది, కాలుతోందేమోనని.

మంగళవారం సాయంత్రానికి ఆమెకు అసలు భయం పట్టుకుంది. కెజియా నీళ్ళు పట్టడానికి వెళ్తూ అన్నీ తెరిచే ఉంచింది. పక్కింట్లో ఫోన్లో పాట వస్తోంది, రోజారమణికి తెలిసిన పాటే. ఆ పాటకి ఏ మెట్టు మొదలో కూతురు వాయిస్తుంటే వందసార్లు చూసింది కాబట్టి, వేలితో ఆ మెట్టు నొక్కింది. పాట ఒకచోట ఉంది, పియానో ఇంకోచోట ఉంది. ఇంకో మెట్టు నొక్కింది. అదీ అంతే. రెండు పిల్లులు ఒక గోడ మీద ఎదురుపడ్డట్టుంది.

మొన్నటిదాకా శుభ్రంగా పలికిన వాయిద్యం. రెండు రోజులు తిప్పి తిప్పి పిల్ల దాన్ని పాడుచేసుకుంది. ఆ సంగతి దానికి తెలియదు. తెలియకుండానే అంతమంది ముందు కూర్చుంటుంది. కిషోర్‌బాబు నవ్వుతాడు. ఎవరో ఒకరు ఫోన్లో తీసి పెడతారు, కాలేజీలో అందరూ చూస్తారు. పిల్ల గదిలో తలుపేసుకుంటుంది. ఆ తలుపు దగ్గరికి వచ్చేసరికి రోజారమణి ఆలోచన ఇంక ముందుకు పోలేదు.

చెబితే కూతురు వినదు. వినేది ఇంకొకరున్నారు.

బుధవారం మధ్యాహ్నం ఆమె చిల్లకల్లు రోడ్డులో ఉన్న మిరప కల్లానికి వెళ్ళింది. ఎకరం మేర ఎర్రగా పరిచిన కాయలు, వాటి మధ్య ముక్కులకు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు. ఆరోగ్యమ్మ చేతులు చూడకుండానే పని చేసుకుపోతున్నాయి. రంగు పోయిన తాలుకాయ ఎడమ పక్కకి, మంచికాయ కుడి పక్కకి.

“ఏంటమ్మాయ్, ఎండనబడి వచ్చావు? గుడ్డ చాల్లేదా ఏంటి?”

“అది కాదు పిన్నమ్మా.” దారంతా అనుకున్న మాటలు ఘాటుకి దగ్గులో కలిసిపోయాయి. “పిల్ల ఏదో ఆవేశపడి అంది. దానికి అంత రాదు. ఆ పెట్టె కూడా పాడైపోయింది, నేను చూశా. అక్కడ ఆగిపోతే అది మళ్ళీ తలెత్తదు పిన్నమ్మా. నీకు ఒంట్లో బాగోలేదని ఒక్క మాట నువ్వే చెప్పేస్తే...”

ఆరోగ్యమ్మ చేతులు ఆగాయి. ఒక కాయ వేళ్ళ మధ్య ఉండిపోయింది. అంతసేపే. తర్వాత దాన్ని కుడి పక్కకి వేసింది.

“అంతేగా. దగ్గు ఎటూ ఉండనే ఉంది, అబద్ధమాడినట్టూ కాదు.” ముక్కుగుడ్డ సరిచేసుకుంది. “జాకెట్టుకి తొందరేం లేదులే మరి. నీకు తీరినప్పుడు కుట్టు.”

పని అయిపోయింది. భయం తీరిపోవాలి. కానీ తిరిగొచ్చే ఆటోలో రోజారమణికి, భయం ఉన్నచోట ఇంకేదో వచ్చి కూర్చున్నట్టుంది. అది భయమంత తెలిసినది కూడా కాదు.

గురువారం కాలేజీ నుంచి రాగానే కెజియా, “అమ్మా, కాస్త మిషను ఆపి ఇట్టా రా,” అని పిలిచింది. బల్ల పక్కన కూర్చోబెట్టి ఫోను తెరిచింది. ఆదివారం ప్రాక్టీసులో ఆరోగ్యమ్మ పాడింది అందులో ఉంది. “గాయపడిన చెయ్యి గడప దాటించెనే” అని ఆ గరుకు గొంతు ఎత్తుకోగానే కెజియా రెండు చేతులూ మెట్ల మీద పెట్టింది.

రోజారమణి కళ్ళు గట్టిగా మూసుకుంది, పిల్లుల కోసం.

అవి రాలేదు. గొంతు కింద మెత్తటిది ఏదో వచ్చి చేరింది. తడి ఇసుక మీద అడుగు వేస్తే ఇసుక ఎలా పాదం ఆకారంలో దిగుతుందో, అలా దిగింది. ఆరోగ్యమ్మ పాట ఇంతందంగా ఉంటుందని ముప్పై ఏళ్ళుగా వింటున్న రోజారమణికి తెలియదు.

“మరి మొన్న... నేను నొక్కి చూశా. పక్కింటి పాటతో అస్సలు కలవలా. పాడైందనుకున్నా.”

“పాడవలేదమ్మా, దించా. చూడు.” కెజియా ఒక మీట చూపించింది. “ఒక మెట్టుకీ పక్క మెట్టుకీ మధ్య వంద పాళ్ళు ఉంటాయనుకో. అమ్మమ్మ గొంతు ముప్పై పాళ్ళు కింద ఉంది. అందుకని పియానో మొత్తాన్నీ ముప్పై దించా. ఇప్పుడిది లోకంలో ఏ పాటకీ కలవదు, అమ్మమ్మకి తప్ప.”

“దీనికే మూడు రోజులా?”

“అది మొదటిరోజే అయిపోయింది. మిగతావే ఒక పట్టాన కుదర్లా.” ఇంకో మీట ముట్టుకుంది. “అసలైన ఎలక్ట్రిక్ పియానోలో చిన్న సుత్తి వచ్చి సన్నటి ఇనపపుల్లని కొట్టుద్ది. ఆ గణగణ ఎక్కువుంటే గిన్నె మీద గరిటె కొట్టినట్టుంటది, అమ్మమ్మ మాట మునిగిపోద్ది. అది తగ్గించా. ఇదేమో శబ్దాన్ని వణికిస్తది. అందరికీ ఇష్టం. కానీ అమ్మమ్మ గొంతులోనే వణుకుంది, దీంట్లోనూ పెడితే రెండూ తన్నుకుంటాయి. తీసేశా. ఇదేమో వేలి బరువు. మెల్లగా నొక్కితే పక్కనోళ్ళకి కూడా వినపడనంత మెల్లగా పలకాలి, అమ్మమ్మ ఊపిరి తీసుకునేచోట.”

రోజారమణి కూతురి వేళ్ళ వంక చూస్తూ ఉండిపోయింది. ఒక మనిషి గొంతుని మూడు రోజులు ఇంత దగ్గరగా విన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? కన్నబిడ్డ గొంతునైనా తను అలా విందా? నలభైసార్లు ఒకే మెట్టు నొక్కుతుంటే తాగిన కోయిల అంది. ఆ నలభైసార్లూ పిల్ల ఆ ముసలావిడకు చోటు వెతుకుతోంది.

“అమ్మమ్మకి వినిపించాలి. రేపు తీసుకురామ్మా.”

“తెస్తాలే,” అంది రోజారమణి. కూతురి మొహం చూడకుండా మిషను దగ్గరికి వెళ్ళిపోయింది.

శుక్రవారం తెల్లవారాక ఆరోగ్యమ్మ వాకిట్లో కళ్ళాపి చల్లుతోంది. రోజారమణి గుమ్మంలోకి కూడా పోకుండా, ఆ తడిలోనే నిలబడి అంతా చెప్పేసింది. పెట్టె పాడవలేదని, తనే తెలియక వాగిందని, పిల్లకి ఈ సంగతే తెలియదని.

ఆరోగ్యమ్మ బకెట్టు దించింది. “నువ్వు వద్దన్నావని మానుకున్నాననుకున్నావా? నాకోసం మాట పడింది కదా, దాన్ని నవ్వులపాలు చెయ్యడం ఎందుకులే అని మానుకున్నా. ఏమ్మాయ్, నీ కూతుర్ని నువ్వే నమ్మలా?”

“నాకు దేనిమీదా నమ్మకం కుదరదు పిన్నమ్మా. బస్సెక్కితే బోల్తా పడుద్దనే అనుకుంటా.”

“అనుకుంటా ఎక్కుతావుగా?”

“ఎక్కుతా.”

“జాకెట్టు కుట్టావా?”

“లేదు. నువ్వు తొందర లేదన్నావని...”

“మరి ఇక్కడ నిలబడ్డావేంటే? పో!” అంటూ నవ్వబోయి ఆరోగ్యమ్మ దగ్గింది. దగ్గు చాలాసేపు ఆగలేదు. నాలుగు రోజుల మిరప ఘాటు. ఇవాళ పాడి చూడనంది, ఉన్న గొంతు రేపటికి దాచుకుంటానంది.

శనివారం పొద్దున్నే బస్సు. ముగ్గురూ ఆధార్ కార్డులు చూపించి, ఆడవాళ్ళకి ఉచితంగా ఇచ్చే సున్నా టిక్కెట్లు తీసుకున్నారు. లాప్‌టాప్ కెజియా ఒళ్ళో, మెట్లబల్ల పాత దుప్పట్లో చుట్టి రోజారమణి ఒళ్ళో. ఆరోగ్యమ్మ కొత్త తెల్ల జాకెట్టులో కిటికీ పక్కన.

“బుధవారం అమ్మ కల్లానికి వచ్చిందంటగా అమ్మమ్మా? ఎందుకు?” అని అడిగింది కెజియా ఉన్నట్టుండి.

“చంక దగ్గర కొలత చూసుకుందామని వచ్చింది,” అంది ఆరోగ్యమ్మ రెప్ప వెయ్యకుండా. “మీ అమ్మకి అనుమానమెక్కువ కదా.”

రోజారమణి బయట పోతున్న సిమెంటు లారీల వంక చూసింది. ఆ ముసలావిడ గొంతు వినేసరికి కొత్త దిగులు పుట్టింది. ఆదివారం ఉన్న గొంతు కాదది. బొంగురుపోయి కిందికి దిగింది. ముప్పై పాళ్ళన్న పిల్ల లెక్క ఇంకెక్కడ సరిపోతుంది?

నందిగామలో షామియానా నిండిపోయింది. వేదిక ఎడమ పక్క కిషోర్‌బాబు కీబోర్డు మెరుస్తోంది. కుడి పక్క బడిబెంచీ మీద కెజియా సరంజామా, చిన్న స్పీకరు, దాని ముందొక మైకు. తమ జగ్గయ్యపేట సంఘం పేరు పిలవగానే ఆరోగ్యమ్మ లేచింది. అటూ ఇటూ చూడలేదు. కళ్ళు మూసుకుని ఎత్తుకుంది.

మొదటి వరస. పియానో లేదు.

రోజారమణి మెడ చాచింది. కూతురి చేతులు మెట్ల మీద లేవు. ఒక చెయ్యి స్పీకరు ముందున్న మైకును అవతలికి తిప్పేసింది. రెండోది లాప్‌టాప్ మీద ఉంది. వదిలేసుకుందా? పక్క వరసలో ఎవరో ఇకిలించారు. కిషోర్‌బాబు వేళ్ళు కీబోర్డు మీద పెట్టి, ఎత్తుకోనా అన్నట్టు భారతీదేవి వంక చూశాడు. భారతీదేవి తల ఊపింది. ముందు కూర్చున్న రత్నమణి గొంతు సవరించుకుంటూ లేచింది.

అప్పుడు రోజారమణి చూసింది. కెజియా చెవిని స్పీకరుకి దాదాపు ఆనించి పెట్టింది. చిటికెన వేలితో ఒక్క మెట్టు, పక్కనున్నవాళ్ళకి కూడా వినపడనంత మెల్లగా నొక్కుతోంది. ఎడమచేత్తో మీట తిప్పుతోంది. పిల్ల మొహంలో కంగారు లేదు. సూదిలో దారం ఎక్కించేటప్పటి మొహం.

తనేం చేస్తోందో తెలిసేలోపే రోజారమణి ముందుకు వంగి రత్నమణి కొంగు పట్టుకుని కిందికి లాగింది. “కూర్చో రత్నం. అది వింటంది.”

“ఏంటి వదినా, టీచరుగారు...”

“కూర్చో అంటన్నా!”

జీవితంలో మొదటిసారి నలుగురిలో గట్టిగా అంది. వేదిక మీదికి కూడా వినపడింది. కిషోర్‌బాబు వేళ్ళు అలాగే ఆగాయి. ఆ ఆగిన రెప్పపాటులో కెజియా మైకును మళ్ళీ స్పీకరు వైపు తిప్పింది.

రెండో వరసకి పియానో వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా వచ్చింది. ఆరోగ్యమ్మ కళ్ళు తెరవలేదు గానీ భుజాలు కిందికి దిగాయి, చాలా కాలంగా మోస్తున్నదేదో ఎవరో పక్కనుంచి అందుకున్నట్టు. బొంగురుగొంతు బొంగురుగానే ఉంది. ఆ బొంగురులో ఇప్పుడు మాట మాటా వినపడుతోంది. ఇకిలించిన మనిషి నోరు మూసుకుంది. మూడో చరణానికి ముసలి గొంతు అలిసి ఇంకాస్త దిగజారింది. ఎవరికీ తెలియలేదు. రోజారమణి ఒక్కతే చూసింది, పాట మధ్యలో కూతురి ఎడమచెయ్యి మీట మీదికి వెళ్ళి, వెంట్రుకవాసి తిప్పి, మళ్ళీ మెట్ల మీదికి రావడం.

పాట అయ్యాక “ఆమెన్” అన్న ధ్వని షామియానా అంచుల దాకా పాకింది.

భారతీదేవి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కిషోర్‌బాబుతో అంది, “చూశావా? పెద్దావిడ ఇన్నాళ్ళకి శ్రుతిలో పాడింది.”

రోజారమణి నాలుక చివరిదాకా వచ్చింది, శ్రుతిలోకి వచ్చింది ఆవిడ కాదని, నా కూతురని. కెజియా దూరం నుంచే తల్లిని చూసి వద్దన్నట్టు కొద్దిగా తల అడ్డంగా ఊపింది. రోజారమణి ఆ మాటని మింగేసింది. భయంతో మింగిన మాటలు ఆమెకు చాలానే ఉన్నాయి. గర్వంతో మింగడం ఇదే మొదలు.

కానీ కిషోర్‌బాబు మింగలేదు. “ఆమె ఎప్పుడూ పాడినట్టే పాడిందండి టీచరుగారూ,” అన్నాడు. లేచి వేదిక ఈ చివరికి వచ్చి లాప్‌టాప్ మీదికి వంగాడు. “ఎంత దించావమ్మా?”

“ముప్పై అనుకుని వచ్చానన్నా. ఇవాళ అమ్మమ్మకి దగ్గు కదా, నలభై అయింది. చివర్లో నలభై ఆరు.”

అతను ఇంకా దగ్గరికి వంగి ఆ అంకె వంక చూశాడు. “మా కీబోర్డులోనూ ఉంది ఈ బటను,” అన్నాడు, తనతో తనే అనుకుంటున్నట్టు. “పన్నెండేళ్ళయింది కొని. ఒక్కసారి నొక్కలా.” తర్వాత వెనక్కి వెళ్ళకుండా, బెంచీ పక్కనే కింద కూర్చున్నాడు.

వీరులపాడు సంఘం పేరు పిలిచారు. ఒక పొట్టి ముసలావిడ కర్ర ఆనించుకుంటూ వేదిక దగ్గరికి వచ్చింది. మైకు అందుకోకముందే, పోయిన ఏళ్ళలో తిన్న మొట్టికాయలు గుర్తొచ్చాయో ఏమో, బెంచీ దగ్గర ఆగి బెరుకుగా అడిగింది.

“ఎక్కడ ఎత్తమంటావు తల్లీ?”

“మీ ఇష్టం అమ్మమ్మా,” అంది కెజియా, మైకును పక్కకి తిప్పుకుంటూ. “మీరు ఎత్తండి. నేను వస్తా.”